ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు సింగపూరా, మ్యూనిక్కా?

తిరుపతిలో బీటెక్ చదువుతూ ఒక సెమిస్టర్ బయటికి వెళ్లాలంటే ముందు క్యాలెండర్ చూడండి. సింగపూర్ ఎన్‌యూఎస్‌లో (నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్) ఆగస్టులో మొదలైన సెమిస్టర్ డిసెంబరు మొదట్లో అయిపోతుంది. మన సెమిస్టర్‌తో దాదాపు సరిపోతుంది. జర్మనీలోని మ్యూనిక్ టీయూఎంలో (టెక్నికల్ యూనివర్సిటీ ఆఫ్ మ్యూనిక్) క్లాసులు అక్టోబరులో మొదలై, పరీక్షలు ఫిబ్రవరిలో, ఒక్కోసారి మార్చిలోనూ ఉంటాయి. అప్పటికి ఇక్కడ తర్వాతి సెమిస్టర్ నడుస్తూ ఉంటుంది.

రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటే ఫీజు సాధారణంగా ఇక్కడి కాలేజీకే కడతారు. మ్యూనిక్‌లో అసలు టెన్షన్ గది దొరకడం. సింగపూర్‌లోనూ ఖర్చు తక్కువేం కాదు. కానీ చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణమే, పైగా చిత్తూరు పిల్లల చెవికి అలవాటైన తమిళం అక్కడ అధికార భాషల్లో ఒకటి.

అయినా కార్ల ఇంజినీరింగ్ మీద మనసుంటే నేను మ్యూనిక్కే అంటాను. బీఎండబ్ల్యూ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. ఎటు వెళ్లినా, అక్కడి క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయా అన్న సంగతి బయల్దేరకముందే కాలేజీతో రాతపూర్వకంగా తేల్చుకోండి.