పీఎఫ్ లెక్కకి సొంత షీట్: ఎనిమిదేళ్ళు వాడాక నా రివ్యూ

2017 ఏప్రిల్ నుంచి నా పీఎఫ్ (జీతంలోంచి నెల నెలా కట్ అయ్యే ప్రావిడెంట్ ఫండ్) లెక్క మొత్తం ఒక గూగుల్ షీట్‌లో రాసుకుంటున్నా. మధ్యలో కంపెనీలు మారాయి, ఫోన్లు మారాయి, షీట్ మాత్రం అదే. పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉంది కదా మళ్ళీ ఇదెందుకు అని ఆఫీసులో చాలామంది అడిగారు. పాస్‌బుక్‌లో పడిన డబ్బులు కనిపిస్తాయి అంతే, పడాల్సి ఉండి పడనివి అందులో ఎక్కడా రాయరు. వాటిని పట్టుకోవాలంటే ఎంత పడాలో ముందే మన దగ్గర లెక్క ఉండాలి, నా షీట్ ఉన్నదే దానికోసం.

నెలకో వరస. బేసిక్ (మూల జీతం) ఎంత, పేస్లిప్‌లో ఎంత కట్ అయింది, కంపెనీ వాటా ఎంత రావాలి, పాస్‌బుక్‌లో నిజంగా ఎంత పడింది, చివర్లో తేడా. తేడా సున్నా కాకపోతే ఆ గడి ఎర్రగా అవుతుంది. బేసిక్ 30,000 అనుకోండి, మన 12 శాతం 3,600, కంపెనీ 12 శాతం కూడా 3,600, కానీ కంపెనీ దాంట్లోంచి 1,250 పెన్షన్‌కి పోయి మన పీఎఫ్‌లోకి 2,350 మాత్రమే వస్తుంది. పెన్షన్‌కి 8.33 శాతం లెక్క, కాకపోతే 15,000 జీతం దగ్గర ఆపేస్తారు కాబట్టి 1,250 దాటదు. నా మొదటి ఉద్యోగం 2015లో, అప్పుడు బేసిక్ 12,000, అందుకే పెన్షన్‌లో చేరా. 2014 సెప్టెంబర్ తర్వాత మొదటిసారి ఉద్యోగంలో చేరి, చేరేటప్పుడే బేసిక్ 15,000 దాటినవాళ్ళకి పెన్షన్ కాలమ్ ఖాళీగానే ఉంటుంది, మొత్తం 12 శాతం పీఎఫ్‌కే వెళ్తుంది, అది చూసి కంగారు పడొద్దు.

ఈ షీట్ విలువ నాకు తెలిసింది 2019 ఫిబ్రవరిలో. అప్పుడు మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నా, బేసిక్ 20,000. కొన్ని నెలలుగా ఎంట్రీలు వేయకుండా పెండింగ్ పెట్టి ఒక ఆదివారం కూర్చుని అన్నీ నింపుతుంటే నవంబర్, డిసెంబర్ రెండు గడులూ ఎర్రగా అయ్యాయి. పేస్లిప్‌లో 2,400 చొప్పున కట్ అయింది, పాస్‌బుక్‌లో ఆ రెండు నెలలే లేవు, తర్వాతి నెల మాత్రం పడింది. నావి 4,800, కంపెనీవి 4,800, మొత్తం 9,600. అకౌంట్స్‌లో అడిగితే "పోర్టల్ ప్రాబ్లమ్ అండీ, వచ్చేస్తుంది" అన్నారు, ఇంకో వారం ఆగి అడిగినా అదే మాట. అప్పుడు రెండు పేస్లిప్‌లు, పాస్‌బుక్ పేజీ, నా షీట్‌లో ఆ రెండు వరసలు కలిపి మెయిల్ పెట్టా, జీతంలో కట్ చేసిన డబ్బు వచ్చే నెల 15 లోపు కట్టాలి కదా, లేటైతే కంపెనీ మీదే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది కదా అని మర్యాదగానే రాశా. మార్చిలో రెండు నెలలవీ పడ్డాయి. నా పక్క సీటు అతనికీ అవే రెండు నెలలు లేవు, నేను చెప్పేదాకా అతనికి తెలీదు. మెసేజ్‌లో మొత్తం బ్యాలెన్స్ చూసుకుని పెరుగుతోంది కదా అనుకున్నాడు. బ్యాలెన్స్ పెరుగుతూనే ఉంటుంది, మధ్యలో రెండు నెలలు ఎగిరిపోయినా అలా చూస్తే తెలియదు, ఈ మాట ఎంతమందికి చెప్పినా తక్కువే అనిపిస్తుంది.

ఇక వడ్డీ. నాకు ఎక్కువ టైమ్ తిన్నది ఇదే. మొదటి ఏడాది, అంటే 2017-18లో, 8.55 శాతం రేటు పెట్టి లెక్కేస్తే పాస్‌బుక్ కంటే నాకు బాగా ఎక్కువ వచ్చింది. ఏడాది చివర మొత్తం మీద ఒకేసారి శాతం కట్టా, అక్కడే తప్పు. వడ్డీ ఏడాదికోసారే వేస్తారు కానీ నెల నెలా ఉన్న బ్యాలెన్స్ మీద లెక్కేస్తారు, ఈ నెల పడిన డబ్బుకి వచ్చే నెల నుంచే వడ్డీ మొదలు. పైగా మార్చి జీతం పీఎఫ్ ఏప్రిల్‌లో పడుతుంది కాబట్టి అది కొత్త ఏడాదిలోకి వెళ్తుంది. గుండ్రటి అంకెలతో చెప్తా: ఏప్రిల్ 1న 4,00,000 ఉంది, నెలకి 5,950 పడుతోంది, రేటు 8.25. పాత బ్యాలెన్స్ మీద 33,000. ఏప్రిల్‌లో పడినదానికి 11 నెలలు, మే దానికి 10, అలా ఫిబ్రవరి దానికి ఒక నెల, మార్చిలో పడినదానికి ఏమీ లేదు, అన్నీ కూడితే 66. అంటే 5,950 ఇంటూ 66 ఇంటూ 8.25 బై 1200, సుమారు 2,700. మొత్తం 35,700. నేను మొదట కట్టినట్టు కడితే 38,890 వస్తుంది, మూడు వేలకి పైగా తేడా. ఆ 66 తెలిశాక నా షీట్‌కీ పాస్‌బుక్‌కీ ఒకటి రెండు రూపాయలకి మించి తేడా రాలేదు. నెల నెలా సరిగ్గా పడితేనే 66 పనిచేస్తుంది, మధ్యలో బేసిక్ పెరిగితే నెల నెలా వడ్డీ విడిగా లెక్కేసే కాలమ్ ఒక్కటే దిక్కు.

రేటు ఎప్పుడూ ఫార్ములాలో రాయొద్దు, ఏడాదికో గడిలో విడిగా పెట్టుకోండి. నేను వాడినన్నాళ్ళలో 8.55, 8.65, రెండేళ్ళు 8.5, తర్వాత 8.1, 8.15, ఆ తర్వాత 8.25 అయింది. ఏడాది అయిపోయాక కూడా వడ్డీ పాస్‌బుక్‌లో ఎక్కడానికి నెలలు పడుతుంది, 2021-22ది అయితే సాఫ్ట్‌వేర్ మారుస్తున్నాం అని చాలా లేటుగా కనిపించింది, అప్పుడు నా అంచనా కాలమ్ చూసుకుని ధైర్యంగా ఉన్నా. 12 శాతం కూడా అలాగే విడి గడిలో పెట్టండి. కరోనా టైమ్‌లో 2020 మే, జూన్, జూలై జీతాలకి 10 శాతం చేశారు, అప్పటికి వేరే కంపెనీ, బేసిక్ 24,000, 2,880 కట్ అవ్వాల్సింది 2,400 అయింది, మూడు వరసలూ ఎర్రబడితే తప్పు కంపెనీదేమో అనుకున్నా, కాదు.

కంపెనీ మారినప్పుడు ట్రాన్స్‌ఫర్ వరస విడిగా రాసుకోండి. మా బావ పోయినేడాది రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఒరేయ్, ట్రాన్స్‌ఫర్ అయ్యాక పెన్షన్‌లో అరవై వేలు మాయమైపోయాయిరా" అన్నాడు. నాలుగేళ్ళ 1,250లు, 48 నెలలు, సరిగ్గా 60,000. పెన్షన్ డబ్బు కొత్త పాస్‌బుక్‌లోకి రాదు బావా, సర్వీసు ఎన్నేళ్ళో అదే వెళ్తుంది, పెన్షన్ జీతాన్నీ సర్వీసునీ బట్టి కడతారు గానీ ఆ కాలమ్‌లో ఉన్న మొత్తాన్ని బట్టి కాదు, పెన్షన్ రావడానికి కావాల్సిన పదేళ్ళ సర్వీసు నిండిందా లేదా అది చూసుకో అని చెప్పా. ఆయనకి షీట్ కాపీ ఇచ్చి పెన్షన్ కాలమ్ పక్కన నెలలు లెక్కపెట్టే కాలమ్ ఒకటి పెట్టా.

ఇబ్బందులు ఉన్నాయి. అన్నీ చేత్తోనే ఎక్కించాలి, పాస్‌బుక్ పీడీఎఫ్ నుంచి కాపీ పేస్ట్ చేస్తే అంకెలు పక్క గడుల్లోకి పోతాయి, సైట్ ఒక్కోసారి తెరుచుకోదు. ఫోన్‌లో ఈ షీట్ నింపడం నరకం, లాప్‌టాప్ ముందు కూర్చోవాల్సిందే. వీపీఎఫ్ (మన ఇష్టంతో 12 శాతం పైన కట్టేది) ఎక్కువ కట్టేవాళ్ళకి ఇంకో షీట్ కావాలి, 2021 ఏప్రిల్ నుంచి ఏడాదికి మన వాటా 2.5 లక్షలు దాటితే ఆ పై డబ్బు మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంది, నా షీట్‌లో ఆ లెక్క లేదు, నాకు అవసరం రాలేదు. యూఏఎన్ (మన పీఎఫ్ నంబర్), పాస్‌వర్డ్ ఇస్తే మేమే లాగి చూపిస్తాం అనే యాప్‌లు ఉన్నాయి, నేను ఇవ్వలేదు, షీట్‌లో కూడా పాస్‌వర్డ్ రాయను.

ఒక్కో నెలకి పది నిమిషాలు పడుతుంది. ఇప్పుడు పేస్లిప్ వచ్చిన రోజు సగం వరస నింపేసి, తర్వాతి నెల 20న పాస్‌బుక్ తెరిచి మిగతా సగం నింపుతున్నా, 20కి కూడా పడకపోతే అదే రోజు అకౌంట్స్‌కి మెయిల్.