ఓర్కాల కోసం మూడు రోజులు: శాన్ వాన్ దీవి నుంచి పెన్ కోవ్ దాకా

వాషింగ్టన్ రాష్ట్రంలో ఓర్కాలను (కిల్లర్ వేల్స్ అనేది వీటినే) చూడాలనుకుంటే శాన్ వాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్‌లో రెండు రాత్రులైనా ఉండండి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతే చాలామటుకు నిరాశే. వేసవిలో కారుతో వెళ్తే అనకోర్టెస్ నుంచి దీవికి వెళ్లే ఫెర్రీకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. తిరుగు ప్రయాణానికి మాత్రం టికెట్ కొనక్కర్లేదు. బస రేవుకు దగ్గర్లో తీసుకున్నాం. చిన్న గది, శుభ్రంగా ఉంది, నిద్రపోవడానికి సరిపోయింది.

పగలంతా అదే దీవిలో లైమ్ కిల్న్ పాయింట్ స్టేట్ పార్క్‌లోనే గడిపాం. 1919 నాటి లైట్‌హౌస్ పక్కన రాళ్ల మీద కూర్చుని హారో జలసంధి వైపు చూస్తూ ఉండటమే అక్కడ పని. మొదటి రోజు ఆరు గంటలు కూర్చున్నా ఒక్కటీ రాలేదు. రెండో రోజు ముందు చప్పుడు వచ్చింది, బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు. తర్వాత నాలుగు రెక్కలు కనబడ్డాయి. మగదాని వీపు మీది రెక్క మనిషెత్తు ఉంది, నిటారుగా. పది నిమిషాల్లో దాటిపోయాయి.

ఆ రెక్క చూడగానే కొన్నేళ్ల కిందట ఒక మెరైన్ పార్కులో చూసిన మగ ఓర్కా గుర్తొచ్చింది. దాని రెక్క పక్కకు వాలిపోయి ఉంది. బందీగా ఉన్న పెద్ద మగవాటికి దాదాపు అన్నిటికీ అలాగే వాలుతుంది. సముద్రంలో అది అరుదు. ఆ పార్కులో నాకు ఏ లోటూ జరగలేదు. మంచి సీటు దొరికింది, షో టైముకే మొదలైంది, ఓర్కా తప్పకుండా కనిపించింది. ఇప్పుడు నన్ను బాధిస్తున్నది ఆ 'తప్పకుండా' అన్న మాటే. ఒక్క రోజులో వంద కిలోమీటర్లకు పైగా ఈదగల ప్రాణి రోజూ అదే వేళకు అక్కడే ఉండాలంటే, దానికి వెళ్లే దారి మూసెయ్యాలి.

ఒకప్పుడు మనుషులు భయపడి కాల్చిన ఈ జంతువు మీద ప్రేమ పెంచింది మెరైన్ పార్కుల కొలనులేనని వాదించేవాళ్లున్నారు. అందులో నిజం ఉంది. ఉన్నవాటిని ఊరికే సముద్రంలో వదిలెయ్యలేమన్నదీ నిజమే. 2002లో ఐస్‌లాండ్ దగ్గర స్వేచ్ఛగా వెళ్లిన కైకో అనే బందీ ఓర్కా మరుసటి ఏడాదే నార్వేలో చనిపోయింది. కానీ కొత్తగా పుట్టించడం ఆపవచ్చు కదా. అమెరికాలో మెరైన్ పార్కులు నడిపే సీవరల్డ్ 2016లో ఆ ప్రకటన చేసింది. కెనడా 2019లో చట్టమే తెచ్చింది.

మూడో రోజు పడవ ఎక్కాం. సీళ్లను వేటాడే బిగ్స్ ఓర్కాలను దూరం నుంచి చూపించారు. సాల్మన్ చేపలు తినే సదరన్ రెసిడెంట్స్ అనే ఓర్కాలు డెబ్భై పైచిలుకే మిగిలాయి. 2025 నుంచి పడవలు వాటికి 1000 గజాల దూరంలో ఉండాలి. మీరు పడవ బుక్ చేసేముందు ఈ నియమం ఎలా పాటిస్తారో అడగండి. సూటిగా జవాబు చెప్పనివాళ్లను వదిలెయ్యండి. నన్నడిగితే ఒడ్డే మేలు, ఇంజిన్ మోత ఉండదు.

తిరిగొస్తూ విడ్బీ దీవిలో పెన్ కోవ్ దగ్గర ఆగాం. 1970 ఆగస్టులో ఓర్కాలను పడవలతో, పేలుళ్లతో తరిమి, వలలు వేసి, పిల్లల్ని తల్లుల నుంచి విడదీసింది ఇక్కడే. వాటిలో టోకిటే అనే పిల్ల ఓర్కాను మయామీలోని మెరైన్ పార్కుకు పంపారు. ఎక్కువలో ఎక్కువ 20 అడుగుల లోతున్న కొలనులో అర్ధ శతాబ్దం ఉంచారు. ఇంటికి చేర్చే ఏర్పాట్లు సాగుతుండగా 2023 ఆగస్టు 18న చనిపోయింది. ఇప్పుడు ఆ నీళ్లలో ఆల్చిప్పలు పెంచే తెప్పలున్నాయి. పక్కనే ఉన్న కూప్‌విల్ రేవు చెక్కల మీద చాలాసేపు నిలబడ్డాం. మా పాప వల ఎక్కడ వేశారని అడిగితే, నీళ్ల వైపు చెయ్యి చూపించాను.