మొదటి రోజు పరీక్ష చేయకుండా వెనక్కి పంపిన క్లినిక్

నారాయణగూడ మెట్రో స్టేషన్ దగ్గరి సందులో, మొదటి అంతస్తులో ఉన్న చిన్న గ్యాస్ట్రో క్లినిక్ ఇది. మా నాన్నను మూడుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి పరీక్ష చేయకుండానే పంపేశారు. వాళ్ల మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. 11 ఏళ్లుగా పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర వేసుకునేవారు. నాలుగు రోజులు మానేస్తే బొడ్డు పైన మంట మొదలయ్యేది, అర్ధరాత్రి లేచి కూర్చునేవారు. డ్యూటీలో వేళకు తినలేదు కాబట్టి, కారం ఎక్కువ కాబట్టి, టెన్షన్ వల్ల అని మేమే కారణాలు చెప్పుకున్నాం. అమ్మ ఆవకాయ జాడీని అటక ఎక్కించేసింది. పోయినేడాది ఒక ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేస్తే చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. అలాంటి పుండు తెచ్చే బ్యాక్టీరియా ఉందేమోనని అప్పుడే పరీక్ష కూడా చేసి నెగెటివ్ అన్నారు. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. చెప్పాలని మాకూ తెలియదు.

ఈ క్లినిక్‌లో కౌంటర్ దగ్గరి అమ్మాయి మొదట అడిగింది అదే. "గ్యాస్ మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు బాబాయ్ గారూ?"

"ఇవాళ పొద్దున్నేనమ్మా."

పరీక్ష డబ్బులు తీసుకోకుండా డాక్టర్ గారి దగ్గరికి పంపింది. ఆ మాత్ర బ్యాక్టీరియాను పూర్తిగా చంపదు, అణచి ఉంచుతుంది, అప్పుడు పరీక్ష చేస్తే దొరక్కపోవచ్చు అని మేడమ్ చెప్పారు. మాత్ర మానేసి 2 వారాలు ఆగాలి. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే 4 వారాలు. మధ్యలో మంటకు సిరప్ రాసిచ్చారు. మలం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లమన్నారు.

రెండోసారి పరగడుపున వెళ్లాం. నాన్న ఒక సంచిలోకి ఊదారు, యూరియా కలిపిన నీళ్లు తాగారు, అరగంట కూర్చుని ఇంకో సంచిలోకి ఊదారు. అంతే. కడుపులో ఆ బ్యాక్టీరియా (పేరు హెలికోబాక్టర్ పైలోరి) ఉంటే ఆ యూరియాను విడగొడుతుంది, దాన్నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఊపిరిలో తేలుతుంది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది, పాజిటివ్.

"కడుపులో అంత యాసిడ్ ఉంటే పురుగు ఎలా బతుకుతుందమ్మా?" అని నాన్న అడిగారు. బయట ఇంకా ఆరుగురు ఉన్నా మేడమ్ కూర్చోబెట్టి చెప్పారు. ఒకప్పుడు డాక్టర్లూ అదే అన్నారట. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పెథాలజిస్టు, అంటే రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను పరీక్షించే డాక్టర్, 1979లో కడుపు ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను చూశారు. చాలామంది నమ్మలేదు. 1981లో బారీ మార్షల్ అనే కుర్ర డాక్టర్ ఆయనతో కలిశారు. ల్యాబ్‌లో ఎన్నిసార్లు పెంచబోయినా ఏమీ మొలవలేదు, ఎందుకంటే రెండు రోజులు చూసి పారేసేవాళ్లు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల బ్యాక్టీరియా పెంచే ప్లేట్లు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే పెరిగింది! జబ్బు తెచ్చేది అదేనని చూపించడానికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగేశారు. కొన్నాళ్లకే వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీ చేస్తే కడుపు గోడ వాచి ఉంది, అందులో అదే బ్యాక్టీరియా. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఊపిరితో చేసే ఈ పరీక్ష మీద కూడా మార్షల్ పనిచేశారట.

"తాగేముందు ఇంట్లో చెప్పాడా?" అన్నారు నాన్న.

"లేదు, తాగాకే చెప్పారట."

మెట్రోలో ముషీరాబాద్ వచ్చేదాకా నాన్న ఆ మాటే మాట్లాడారు. ఇన్నేళ్లూ తన తిండినీ తన ఉద్యోగాన్నీ తిట్టుకున్న మనిషి, ఆ రోజు తేలిగ్గా నవ్వడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

మందులు 14 రోజులు, నాలుగు రకాలు. నోరంతా ఇనుము రుచి, వికారం. ఒకటి బిస్మత్, దానివల్ల మలం నల్లబడుతుందని ముందే చెప్పారు. చెప్పకపోతే రక్తమేమో అని హడలిపోయేవాళ్లం. ఏ పూట ఏది వేసుకోవాలో నర్సు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ మీదే అంటించాం. కోర్సు మధ్యలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోతుందని రెండుసార్లు చెప్పి పంపింది.

కోర్సు అయిన 6 వారాలకు మళ్లీ ఊదించారు. పోయిందో లేదో ఇలా చూసుకోవాలని అంతకుముందు మాకు ఎవరూ చెప్పలేదు. ఈసారి నెగెటివ్. ఈసారి మాత్ర లేకుండా వచ్చిన నెగెటివ్ కాబట్టి నమ్మాను.

ఇబ్బందులూ ఉన్నాయి. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ మెట్లు కష్టం. కూర్చునే చోటు ఇరుకు, ఊదే మిషన్ ఒక్కటే. పొద్దున పది గంటలు దాటాక వెళ్తే మధ్యాహ్నం దాకా పరగడుపునే కూర్చోవాలి, షుగర్ ఉన్నవాళ్లు ముందే ఫోన్ చేసి పొద్దున 8 గంటల టోకెన్ అడగండి. పరీక్షకు మాకు 2,500 రూపాయల దాకా అయింది. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, ఒక్కొక్క స్ట్రిప్పూ తిప్పి చూస్తారు.

అమ్మ పోయిన ఆదివారం ఆవకాయ జాడీ దించింది.