బోస్టన్ సంఘమా, ఫిలడెల్ఫియా సంఘమా?

1772లో ఐర్లాండ్ నుంచి వచ్చి అమెరికాలో ఓడ దిగారనుకోండి, ఏ ఊరి ఐరిష్ సంఘం మేలు?

బోస్టన్‌లోది చారిటబుల్ ఐరిష్ సొసైటీ, 1737 మార్చి 17న, అంటే ఐర్లాండ్ వాళ్ళు కొలిచే సాధువు సెయింట్ పాట్రిక్ పండుగ రోజునే పెట్టారు. ఫిలడెల్ఫియాలోది ఫ్రెండ్లీ సన్స్ ఆఫ్ సెయింట్ పాట్రిక్, 1771లో మొదలైంది.

పని: బోస్టన్‌ది అచ్చంగా సాయం. ముసలివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, కష్టాల్లో ఉన్న తోటి ఐరిష్ వాళ్ళ కోసం సభ్యులు చందాలు వేసుకునేవారు. ఫిలడెల్ఫియాది ముఖ్యంగా వ్యాపారుల విందు క్లబ్బు, నిజం చెప్పాలంటే పేదవాడికి అక్కడ కుర్చీ దొరకడం కష్టం.

మతం: ఇక్కడే అసలు తిరకాసు. బోస్టన్ మొదటి నియమాల్లో ప్రొటెస్టంట్లకే చోటు, సాయం చేసే సంఘమే తలుపు దగ్గర మతం అడిగిందన్నమాట! ఫిలడెల్ఫియా మొదటి అధ్యక్షుడు స్టీఫెన్ మోయ్‌లన్ మాత్రం కాథలిక్కే, బల్ల చుట్టూ రెండు మతాల వాళ్ళూ కూర్చునేవారు.

పలుకుబడి: ఫిలడెల్ఫియాదే పైచేయి, తర్వాత జార్జి వాషింగ్టన్‌నే దత్త సభ్యుడిగా చేర్చుకున్నారు.

చేతిలో డబ్బుండి పరిచయాలు కావాలంటే, పైగా కాథలిక్ అయితే, ఫిలడెల్ఫియా. జబ్బుతో, ఖాళీ జేబుతో దిగిన ప్రొటెస్టంట్ అయితే బోస్టన్. పేద కాథలిక్ వలసదారుడికా? విందు క్లబ్బు ఎలాగూ అందదు. ఫిలడెల్ఫియాలో వలసొచ్చినవాళ్ళ సాయానికే హైబర్నియన్ సొసైటీ పెట్టింది 1790లో, అప్పటిదాకా ఆగాలి.