లక్నవరం, రామప్ప, పాకాల: ఈసారి పడవ మీంచి

వరంగల్‌కు చుట్టాలొస్తే మనం తిప్పే దారి అందరికీ తెలిసిందే. వేయి స్తంభాల గుడి, కోట, భద్రకాళి, టైముంటే రామప్ప. చెరువుల దగ్గర మాత్రం కట్ట మీద నిలబడి ఫొటో దిగి వచ్చేస్తాం. దసరా వెళ్లాక, చెరువులు నిండుగా ఉన్నప్పుడు, ఈసారి నీళ్ల మీద తిరిగి చూద్దామని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, పిల్లలకు నడకంటే బద్ధకం. పడవంటే అందరూ సరే అన్నారు.

ముందు లక్నవరం. హన్మకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు 163వ నంబరు జాతీయ రహదారిలో వెళ్లాలి. ములుగు రాకముందే గట్టమ్మ దగ్గర ఆగి మొక్కుకోవడం ఈ దారిలో అందరికీ అలవాటు. గోవిందరావుపేట మండలంలో చల్వాయి దగ్గర కుడివైపు తిరిగితే బుస్సాపూర్ మీదుగా చెరువు దాకా రోడ్డుంది. బస్సులో వచ్చేవాళ్లు చల్వాయిలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకుంటే మంచిది, చీకటి పడ్డాక అక్కడ ఆటో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

పడవల్లో స్పీడ్ బోటుకే ఎక్కువ గిరాకీ. మా పిల్లలూ దానికే పట్టుబట్టారు. ఎక్కించాం. రెండు మలుపులు తిరిగేసరికి సరదా అయిపోయింది, మొహం మీద పడ్డ నీళ్లు తప్ప వాళ్లకేమీ గుర్తులేదు. నన్నడిగితే పదిమందితో మెల్లగా వెళ్లే పెద్ద పడవే మేలు. అది నిండేదాకా కాసేపు ఎదురుచూడాలి, అంతే. అత్తమ్మ ఎక్కడానికి జంకుతుంటే పడవ నడిపే ఆయన చెయ్యి అందించి, "ఏం గాదమ్మా, నేనున్న గదా, జాకెట్ గట్టిగ కట్టుకో" అన్నాడు. ఆ మాటతో ఆమె టెన్షన్ సగం పోయింది. లైఫ్ జాకెట్ అందరికీ ఇస్తారు కానీ, చిన్నపిల్లలకు సైజు సరిపోయిందో లేదో మనమే చూసుకోవాలి.

కట్ట మీద నిలబడితే లక్నవరం ఒక పెద్ద చెరువు, అంతే. నడిమధ్యకు వెళ్తే గానీ అసలు కిటుకు తెలియదు. ఎటు చూసినా అడవి గుట్టలే, మనుషులు కట్టిన కట్ట ఎక్కడుందో వెతుక్కోవాలి. కాకతీయుల కాలంలో దీన్ని కట్టినవాళ్లు గుట్టలనే గోడలుగా వాడుకుని, వాటి మధ్య ఉన్న సందులను మాత్రం మూసి వాననీళ్లు ఆపారు. పదమూడు దీవులని చెప్పుకునేవి నీళ్లలో మునగకుండా మిగిలిన గుట్టల తలలే. కొన్నింటికి వేలాడే వంతెన మీద నడిచి పోవచ్చు, కొన్నింటికి పడవే దారి. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఈ చెరువు నీళ్లతో ఇప్పటికీ కింద పొలాలు పారుతున్నాయి. అందుకే ఎండాకాలంలో మట్టం తగ్గి ఒడ్డంతా రాళ్లు తేలుతాయి. వెళ్తే సెప్టెంబరు నుంచి జనవరి లోపు వెళ్లండి.

ఆదివారం మాత్రం వద్దు. వంతెన మీద అడుగు ముందుకు పడదు. ప్రతి తీగ దగ్గరా ఒకరు సెల్ఫీ తీసుకుంటుంటారు, ఇంకొకరు కావాలని వంతెన ఊపుతుంటారు. తిన్న చిప్స్ ప్యాకెట్లు నీళ్లలోకే పోతున్నాయి. డస్ట్‌బిన్ పది అడుగుల దూరంలో ఉన్నా సరే!

బస సంగతికొస్తే, దీవి మీద కాటేజీలో రాత్రి గడపడం బాగుంటుంది కానీ సెలవు రోజుల్లో ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్తే దొరకడం కష్టం. ఖర్చు తగ్గుతుందని మాతో వచ్చిన బావగారి కుటుంబం హన్మకొండలో ఒక లాడ్జిలో దిగింది. రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేసే దిక్కు లేదు, వేడినీళ్లు పొద్దున ఏడు దాటితే బంద్. పైగా రోజూ అంత దూరం పోను, రాను. డీజిల్ లెక్కేస్తే మిగిలింది ఏమీ లేదు.

బస కోసమే అయితే నేను రామప్పను ఎంచుకుంటాను. పాలంపేట గుడికి దగ్గర్లోనే చెరువు, ఒడ్డున పర్యాటక శాఖ వాళ్ల హరిత కాటేజీలు. లక్నవరమంత హడావుడి ఉండదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, గైడ్లూ పెరిగారు. గైడును పెట్టుకోండి. ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, పైకప్పు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు, ఇవన్నీ చూపించేవాళ్లు లేకపోతే గంటలో చుట్టేసి వచ్చేస్తాం. మధ్యాహ్నం ఎండలో రాతి నేల మీద చెప్పుల్లేకుండా నడవలేం. గుడి పొద్దున్నే చూసి, సాయంత్రం పడవ ఎక్కితే హాయి. సాయంత్రపు ఎండ ఎదుటి గుట్టల మీద పడేసరికి, దారిపొడవునా అల్లరి చేసిన మా చిన్నోడు కూడా నోరు మూశాడు.

తిండికి పెద్ద ఆశలు పెట్టుకోకండి. రోడ్డు పక్క ఒక దాబాలో చేపల పులుసు ఆర్డరిస్తే గంటన్నరకు వచ్చింది, అందులో చింతపండు తప్ప చేప రుచి లేదు. మరుసటి రోజు నుంచి అత్తమ్మ కట్టుకొచ్చిన సర్వపిండి, పల్లీ చట్నీతోనే సరిపెట్టుకున్నాం.

పాకాల వేరే సంగతి. నర్సంపేట దాటి అడవిలోకి వెళ్లాలి. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల చెరువు, చుట్టూ అభయారణ్యం, మున్నేరు ఇక్కడే మొదలవుతుంది. ఇక్కడికి పడవ కోసం వెళ్లకండి. కట్ట మీద చెట్ల నీడన కూర్చుని నీళ్లు చూడటానికైతే దీన్ని మించింది లేదు. తాగే నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి, చీకటి పడకముందే తిరుగు ముఖం పట్టండి.

అడవి దారుల్లో తిరగలేం, ఊరిని ఆనుకునే నీళ్లు కావాలంటే కరీంనగర్ ఉంది. దిగువ మానేరు డ్యాం ఊరి పక్కనే. 2023లో తెరిచిన తీగల వంతెన కూడా చూడొచ్చు. సాయంత్రం గాలికి బాగుంటుంది, అడవి మాత్రం కనిపించదు.

మేడారం జాతర ఏడాదైతే మాఘ మాసంలో ఈ ప్లాన్ పెట్టుకోకండి. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతర రోజుల్లో ములుగు రోడ్డంతా సమ్మక్క సారలమ్మ భక్తులదే. మీ కారు గట్టమ్మ దగ్గరికి చేరడానికే పూట గడిచిపోతుంది.