అతుక్కోని ఎముకకు మూలుగ ఇంజెక్షనా, ఎముక ముక్కల అతుకా?

మోకాలి కింది పెద్ద ఎముక విరిగి, నెలలు గడిచినా అతుక్కోనప్పుడు వైద్యులు ఎక్కువగా ఎంచుకునేది శస్త్రచికిత్సే. తుంటి ఎముక అంచు నుంచి తీసిన ముక్కలను విరిగిన చోట కూరుస్తారు. ఆ ముక్కలు కణాలతో పాటు కొత్త ఎముక పెరగడానికి ఆధారాన్నీ ఇస్తాయి కాబట్టి ఖాళీ ఉన్నచోట ఈ పద్ధతికే నా మొగ్గు. అయితే తుంటి దగ్గర రెండో గాయం తప్పదు. దాని నొప్పి కొందరిని కాలి నొప్పి కంటే ఎక్కువకాలం వేధిస్తుంది.

మూలుగ ఇంజెక్షన్‌లో ఆ కోత ఉండదు. మత్తు ఇచ్చి, తుంటి ఎముకలోకి సూది దింపి, ఒక్కోచోట కొద్ది మిల్లీలీటర్ల చొప్పున మూలుగను తీస్తారు. ఒకేచోట ఎక్కువగా లాగితే రక్తం కలిసి పలచబడుతుంది. తరువాత దాన్ని యంత్రంలో తిప్పి, చిక్కబరచి, ఎక్స్‌రే చూస్తూ విరిగిన చోటికి ఎక్కిస్తారు. ఈ చిక్కదనమే కీలకం. ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ ఎర్నిగూ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఇన్ఫెక్షన్ లేని 60 మంది రోగుల్లో 53 మందికి ఎముక అతుక్కుంది. అతుక్కోని ఏడుగురికి ఎక్కించిన మూలుగలో ఎముకను పెంచే మూలకణాలు తక్కువగా ఉన్నాయి.

కానీ మూలుగ ద్రవమే కదా, అది పెద్ద ఖాళీని పూడ్చలేదు, వంకరను సరిచేయలేదు, ఎముకను నిలబెట్టడానికి వేసిన లోహపు రాడ్ వదులైతే దాన్ని బిగించలేదు. ఎముక వరుసగా, కదలకుండా ఉండి, చీము లేనప్పుడు మాత్రం, కోతకు ముందు ఇంజెక్షన్ గురించి వైద్యుడిని తప్పక అడగాలి.