సాన్రికు తీరం: సముద్రం కనబడని సముద్రపు రోడ్డు

జపాన్ ఈశాన్య తీరంలో సెండాయ్ నుంచి హచినోహె దాకా 359 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే. తీరం రోడ్డు కదా, కిటికీ పక్కనే సముద్రం ఉంటుందనుకుంటే నిరాశ తప్పదు. సొరంగం, కొండ, మళ్లీ సొరంగం, అంతే. 2011 మార్చి సునామీకి కింద ఉన్న పాత 45వ నంబరు హైవే చాలాచోట్ల దెబ్బతింది. ఎత్తులో అప్పటికే పూర్తయిన కొత్త రోడ్డు ముక్కలు మాత్రం పనికొచ్చాయి. కమైషి దగ్గరి ముక్కను సునామీకి ఆరు రోజుల ముందే తెరిచారు. కమైషిలోని ఉనొసుమై పేట బడిపిల్లలు సునామీకి అందకుండా ఎత్తుకు పరిగెత్తి, ఆ రోడ్డు మీదుగానే కమైషి ఊళ్లోకి చేరారు. ఆ తర్వాత ప్రభుత్వం మిగతాదంతా పునర్నిర్మాణ రోడ్డుగా చేపట్టి 2021 డిసెంబరుకల్లా కలిపేసింది. ఎనిమిదిన్నర గంటల ప్రయాణం ఐదు గంటల పైచిలుకుకు తగ్గింది.

సెండాయ్ వైపు కొంత దూరం టోల్ ఉంది, అది దాటాక ఉచితం. ఉచితమే గానీ చాలావరకు ఒక్కో వైపు ఒకే లేన్. ముందు లారీ ఉంటే ఓవర్‌టేక్ లేన్ వచ్చేదాకా దాని వెనకే పోవాలి. దారిలో బంకులు దాదాపు లేవు, పెట్రోలుకైనా టీకైనా కిందికి దిగాల్సిందే. చిన్న ఊళ్లలో బంకులు పెందలాడే మూసేస్తారు, సగం ట్యాంకు ఉండగానే నింపుకోండి. కొన్ని ఎగ్జిట్లు ఒక వైపు వెళ్లేవాళ్లకే. మన ఇంటర్నేషనల్ పర్మిట్ చెల్లుతుంది, స్టీరింగు కూడా కుడివైపే కాబట్టి టెన్షన్ లేదు.

అసలు చూడాల్సినవన్నీ కిందే ఉన్నాయి. ఒక్క చోటే ఆగే తీరిక ఉంటే రికుజెంతకతలో ఆగండి. అక్కడి సునామీ మ్యూజియానికి టికెట్ లేదు. నలిగి ముద్దయిన ఫైరింజన్‌ని, మెలితిరిగిన వంతెన ఇనుప దూలాన్ని దగ్గరగా నిలబడి చూడొచ్చు. బయటికొచ్చి తీరం వైపు నడిస్తే, 70 వేల చెట్లలో మిగిలిన ఒకే ఒక్క పైన్ చెట్టు. అదీ 2012లో చచ్చిపోతే మందులు పట్టించి, లోపల ఊతమిచ్చి మళ్లీ నిలబెట్టారు. పక్కన కొత్త గోడ ఎంత ఎత్తంటే, దానిమీదికి మెట్లెక్కితే గానీ నీళ్లు కనబడవు.

ఎక్స్‌ప్రెస్‌వే మీంచే సముద్రం కళ్లారా కనబడే చోటు కెసెన్నుమ వంతెన, 1,344 మీటర్లు. ఆగనివ్వరు, ఫొటోలు పక్కసీటు వాళ్లే తీయాలి.

బసకు కెసెన్నుమలో కొండమీది హోటల్‌కే నా ఓటు. వేడినీటి స్నానాల గదిలోంచి రేవు మొత్తం కనిపిస్తుంది. మియకోలో దిగిన బిజినెస్ హోటల్ చవకే గానీ, రెండు సూట్‌కేసులు పెడితే కాలు పెట్టే చోటు లేదు, పార్కింగుకు విడిగా డబ్బులు కట్టించుకున్నారు. శాకాహారులు హోటల్ డిన్నర్ బుక్ చేసుకోవద్దు. కూరగాయల పులుసులో కూడా చేప రసం ఉంటుంది. కన్వీనియెన్స్ స్టోర్‌లో ఉమెబొషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) పెట్టిన అన్నం ముద్దలు, మీరు తెచ్చుకున్న పచ్చడి, అదే భోజనం.

హచినోహెలో తతెహన రేవు సంత ఆదివారం తెల్లవారుజామునే మొదలై పొద్దెక్కేసరికి అయిపోతుంది. జనవరి నుంచి మార్చి సగం దాకా ఉండదు. శనివారం రాత్రికి అక్కడికి చేరేలా లెక్క వేసుకుని సెండాయ్‌లో కారు తీసుకోండి.